చదివి సరిచూడబడినది

మా ఊళ్ళో సముద్రం మా కార్యాలయానికి కూతవేటు దూరంలో ఉంటుంది. అయినా దాంట్లోకి ఎవరు దిగాలో, ఎప్పుడు దిగాలో నిర్ణయించేది సముద్రం కాదు, మేము. మాది పడవల నమోదు కార్యాలయం. మా కాగితం లేని పడవ ఒడ్డున ఇసకలో ఉండాల్సిందే.

నా పేరు కూర్మారావు. జూనియర్ అసిస్టెంటుని. పద్దెనిమిదేళ్ళుగా జూనియర్నే. కాబట్టి ఈ రాతలో నా అభిప్రాయాలంటూ ఏవీ ఉండవు. మా శాఖలో అభిప్రాయాలు సీనియర్ అసిస్టెంటు దగ్గర్నుంచి మొదలవుతాయి.

ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి అరవై ఒక్క రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలూ పడవలవాళ్ళు వలలు బాగుచేసుకుంటారు, పడవలకి రంగులేసుకుంటారు, మా దగ్గరికొచ్చి కాగితాలు కొత్తవి చేయించుకుంటారు. జూన్ పదిహేను తెల్లవారుతూనే ఒడ్డు ఒడ్డంతా నీళ్ళలోకి దిగుతుంది. ఇదివరకు ఈ కాగితాలు రిజిస్టరులో రాసి, సీలు కొట్టి ఇచ్చేవాళ్ళం. రెండేళ్ళ కిందట రిజిస్టరు రద్దయి, పోర్టల్ వచ్చింది. ఆ పోర్టల్ మా కార్యాలయంలోని కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. అది కూడా బ్రౌజర్ ఉంటేనే తెరుచుకుంటుంది.

మే నెల మొదటివారంలో ఒకరోజు పొద్దున కంప్యూటర్ తెరిచేసరికి తెర మీద ఒక వాక్యం కనిపించింది: ఈ బ్రౌజరుకు కాలం చెల్లినది, వేరొకటి వాడుకొనగలరు.

మా కంప్యూటర్ ఆపరేటర్ హసీనా కాంట్రాక్టు మనిషి. కంప్యూటర్ గురించి తెలిసిన మనిషి మా కార్యాలయంలో ఆ అమ్మాయి ఒక్కతే. అందుకే ఆమెను పర్మినెంటు చెయ్యలేదు.

"రెండు నిమిషాల పని సార్," అంది నాతో. "రచ్చబండ అని ఒక బ్రౌజర్ ఉంది. ఫ్రీ. ఊరూరా మనుషులు తలా ఓ చెయ్యి వేసి రాసింది. లోపలి రాత అంతా బయటే పెడతారు. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, అడిగినవాళ్ళకి ఇవ్వొచ్చు. అది వద్దనుకుంటే సింహద్వారం అని ఇంకోటుంది. కంపెనీవాళ్ళది. దాని లోపలి రాత వాళ్ళు తప్ప ఎవరూ చూడలేరు. ఏదైనా మన పోర్టల్ తెరుచుకుంటుంది. ఏది వెయ్యమంటారు?"

ఆ చివరి ప్రశ్న అడక్కుండా ఏదో ఒకటి వేసేసి ఉంటే ఈ కథ లేదు. అడిగింది. అడిగిన తరవాత జూనియర్ అసిస్టెంటు జవాబు చెప్పకూడదు. నేను ఫైలు తెరిచి, 'బ్రౌజరు ఎంపిక విషయమై' అని పేరు పెట్టి, పైకి పంపాను.

పైన సూపరింటెండెంటు పేర్రాజు గారున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఏ ఫైల్లో ఏముందో ఒక్కరికీ చెప్పి ఎరగరు, తానూ చూసి ఎరగరు. ఆయన నా నోటు చదివి కళ్ళజోడు తీశారు.

"లోపలి రాత అంతా బయట పెడతారా? సిగ్గులేదూ? రాతకోతలు బయటపెట్టుకునేదాన్ని తెచ్చి ప్రభుత్వ రికార్డు అప్పజెబుతామా? సింహద్వారం మర్యాదస్తుల వస్తువులా ఉంది. కడుపులో ఏముందో చెప్పదు. అలా రాయి."

రాశాను. ఫైలు ఇంకా పైకి వెళ్ళింది. పైన డైరెక్టర్ విశ్వమోహన్ గారు. ఆయన సరిగ్గా ముందురోజే రాజధానిలో పారదర్శకత మీద మూడు రోజుల సదస్సుకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు భుజాన గుడ్డసంచీ, కళ్ళలో వెలుగు. వచ్చీ రాగానే వడ్రంగిని పిలిపించి తన గది తలుపులు ఊడదీయించారు.

"దాచుకునేవాడికి తలుపులు కావాలి. ప్రజాసేవకుడికి ఎందుకయ్యా?" అన్నారు.

మర్నాడు బీరువాల తలుపులు ఊడాయి. ఆ మర్నాడు మా బల్లల సొరుగుల తాళాలు పోయాయి. మరుగుదొడ్డి విషయంలో స్పష్టత కోరుతూ మేమొక లేఖ పెట్టుకున్నాం. జవాబు వచ్చేవరకు యథాతథ స్థితి కొనసాగించవచ్చునని మాకు మేమే నిర్ణయించుకున్నాం.

అలాంటి మనిషి బల్ల మీదికి రచ్చబండ వెళ్ళింది. ఆయన ఫైలు మీద ఆకుపచ్చ సిరాతో రెండు పేజీలు రాశారు. సారాంశం ఏమిటంటే, ఇది బ్రౌజరు కాదు, ఉద్యమం.

దాంతో కార్యాలయం రెండు చీలికలైంది. తెరిచినవాళ్ళు కొందరు, మూసినవాళ్ళు కొందరు. తెరిచినవాళ్ళు టిఫిను డబ్బాలు మూతలు తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చునేవారు. మూసినవాళ్ళు క్యాజువల్ లీవు చీటీ కూడా కవర్లో పెట్టి, అంటించి, మీద 'గోప్యము' అని రాసి ఇచ్చేవారు. టీ దగ్గర కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. ఈ ఇరవైమందిలో బ్రౌజర్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు లేరని నా అనుమానం. కాని దాని కోసం ప్రాణం పెట్టడానికి అందరూ సిద్ధంగానే ఉన్నారు.

ఈ గొడవ జరుగుతుండగానే మైలపల్లి బంగారమ్మ మొదటిసారి మా వరండాలోకి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చేపల బజార్లో కూచుని అమ్మే మనిషి. కిందటి పడవ తుఫానులో పోతే, ఎలాగో కూడబెట్టి కొత్తది కట్టించుకుంది. పడవ ఆమె పేరు మీదే ఉంది. అది నీళ్ళు చూసింది రెండేళ్ళే.

"బాబూ, నా బోటు కాయితం కొత్తది సెయ్యాల," అంది.

"కంప్యూటర్ పనిచెయ్యడం లేదమ్మా."

"ఎప్పటికవుద్ది?"

"విషయం పరిశీలనలో ఉంది."

"నాకూ పరిసీలనే బాబూ. ఐదుగురు కళాసీలున్నారు నా బోటు మీద. జూను పద్నాలుగో తారీకు లోపల కాయితం సూపించకపోతే ఏరే బోటెక్కేత్తామని సెప్పేసినారు. ఒకపాలి ఎక్కితే మళ్ళా ఏడాది దాకా దిగరు. మనుసులు పోతే నా బోటు ఇసకలో పడున్నట్టే గదా."

నేను తలూపాను. తలూపడం జూనియర్ అసిస్టెంటుకి అనుమతించిన పనే. ఆమె వెళ్ళిపోలేదు. వెంట తెచ్చిన వల వరండాలో పరిచి, సూదీ దారం తీసి, చిరుగులు అల్లడం మొదలుపెట్టింది.

లోపల సమావేశం జరుగుతోంది. విశ్వమోహన్ గారు అరగంట మాట్లాడి, "మిత్రులారా, రచ్చబండ లోపలి రాతను ఎవరైనా చదవవచ్చు! ఇంతకన్నా నమ్మకం ఏం కావాలి?" అని ముగించారు.

పేర్రాజు గారు నెమ్మదిగా లేచారు.

"చదవవచ్చు. మంచిది సార్. మరి మనం చదివామా?"

"అంటే... కావాలనుకుంటే చదువుకోవచ్చు."

"చదువుకోవచ్చు అని ఉన్న పత్రాన్ని చదవకుండానే కార్యాలయంలోకి అనుమతించినట్టు రేపు ఆడిటువారు అభ్యంతరం పెడతారు. అప్పుడు సంతకం పెట్టినవారి పెన్షను సంగతేమిటి? సింహద్వారంలో ఆ చిక్కే లేదు. చదవడానికి వీల్లేదు కాబట్టి చదవలేదు అని రాసేస్తాం. దానికి తిరుగులేదు."

ఆడిటు మాట వినగానే తెరిచినవాళ్ళలో ముగ్గురు అక్కడికక్కడే మూసినవాళ్ళయ్యారు. విశ్వమోహన్ గారికి మాత్రం మొహం వెలిగింది.

"చదువుదాం!" అన్నారు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. 'పారదర్శకత యొక్క ఆవశ్యకతను దృష్టిలో ఉంచుకొని, రచ్చబండ బ్రౌజరు యొక్క సమస్త మూలమును అచ్చు వేయించి, పేజీలకు వరుస సంఖ్యలు వేసి, కార్యాలయ విధానానుసారము చదివి సరిచూడవలెను. మూలము బహిరంగము గనుక, కోరిన ఏ పౌరునికైనను ధ్రువీకరించిన నకలు ఇవ్వవలెను. సింహద్వారము విషయమున దాని గోప్యతను సంపూర్ణముగా కాపాడవలెను. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు కంప్యూటరును ఎవరును తాకరాదు.' పేర్రాజు గారు కీబోర్డుని గుడ్డసంచీలో పెట్టి, మూతి కట్టి, లక్కతో సీలు వేశారు.

కార్యాలయ విధానం అంటే ఏమిటో చెప్పాలి. మా దగ్గర ఏ కాగితమైనా ఒకరు పైకి చదువుతారు, ఇంకొకరు రెండో ప్రతిలో వేలు పెట్టి సరిచూస్తారు. ఆ తరవాత అడుగున 'చదివి సరిచూడబడినది' అని రాసి ఇద్దరూ సంతకాలు పెడతారు. దాని కింద సూపరింటెండెంటు పొట్టి సంతకం, డైరెక్టరుగారి ఆకుపచ్చ సంతకం, గుండ్రటి సీలు. ఇందులో మాకు సాటి ఎవరూ లేరు. నా పెళ్ళి శుభలేఖ కూడా ఇలాగే సరిచూశాం. పెళ్ళికూతురి పేరు తప్పు పడింది. అయితే అసలులోనూ అదే తప్పు ఉంది కాబట్టి సరిపోయింది.

అచ్చువేస్తే రచ్చబండ ఐదు లక్షల పన్నెండు వేల పేజీలు తేలింది. సరిచూడటానికి రెండో ప్రతి కావాలి కాబట్టి రెండుసార్లు అచ్చువేయించాం. మొదటి విడత వ్యానులో వచ్చింది. గదులు నిండాక వరండాలో పేర్చాం. బంగారమ్మ వల కాస్త పక్కకి జరుపుకుంది.

మే పదహారున చదువు మొదలైంది. చదివేది నేను, సరిచూసేది సీనియర్ అసిస్టెంటు జోగారావు.

"ఇఫ్... తరవాత బ్రాకెట్టు," అన్నాను.

"ఏ బ్రాకెట్టు?"

"మీసాలది."

"తెరిచాడా, మూశాడా?"

"తెరిచాడు."

"మరి ఎప్పుడు మూస్తాడు?"

"ఇంకా రాలేదు సార్."

రెండు వందల పన్నెండో పేజీలో తెరిచిన ఒక మీసాల బ్రాకెట్టు ఆరు రోజులైనా మూసుకోలేదు. కార్యాలయంలో ఎవరికీ అన్నం సయించలేదు. మూసినవాళ్ళ వర్గం దీన్ని ఎత్తిపొడుస్తూ గోడ మీద కాగితం అంటించింది. నాలుగు వందల ముప్ఫై ఒకటో పేజీలో అది మూసుకున్నప్పుడు జోగారావు కుర్చీలోంచి లేచి నన్ను కౌగిలించుకున్నాడు. విశ్వమోహన్ గారు లడ్డూలు పంచారు.

ఆరువందల ఏడో పేజీ దగ్గర అసలు ముసలం పుట్టింది. ఆ పేజీ నడుమ, దాన్ని రాసిన మనిషి ఎవడో ఒక మాట రాసి పెట్టాడు. హసీనా తెలుగులో చెప్పింది: 'ఇది ఎందుకు పనిచేస్తోందో నాకూ తెలియదు. దయచేసి ముట్టుకోకండి.'

పేర్రాజు గారు పరుగున వచ్చారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన పరిగెత్తడం నేను చూడటం అదే.

"తెలియదని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు! వీడికి వెంటనే సంజాయిషీ నోటీసు ఇవ్వాలి!"

"ఆగండి," అన్నారు విశ్వమోహన్ గారు. "ఈ కార్యాలయం పుట్టాక, తనకి తెలియదని ఎవరైనా రాతపూర్వకంగా ఒప్పుకున్నారా? ఈ మహానుభావుడికి సన్మానం చెయ్యాలి."

సన్మానమా, సంజాయిషీనా అన్న చర్చ మూడు రోజులు సాగింది. ఆ పేజీ మీద ఎవరి అభిప్రాయం వాళ్ళు రాసి సంతకాలు పెట్టారు. మొత్తం ఏడు సంతకాలు, అందులో రెండు ఆకుపచ్చవి, రెండు గుండ్రటి సీళ్ళు. చివరికి సంజాయిషీ నోటీసే వెళ్ళింది. రాసినవాడి చిరునామా లేకపోవడంతో హసీనా తన ఫోన్లోంచి రచ్చబండవాళ్ళకి పంపింది. మర్నాడే జవాబు వచ్చింది: మీరు సరిచేసి పంపితే సంతోషిస్తాం, మీకు స్వాగతం. ఇది తిరస్కారమా, ఆహ్వానమా తేల్చడానికి ఒక ఉపసంఘం వేశాం.

ఇంత జరుగుతున్నా సింహద్వారం పక్షం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పేర్రాజు గారు పట్టుబట్టి కంపెనీ నుంచి ఒక సంవత్సరం లైసెన్సు తెప్పించారు. దాని తాళం సీలు వేసిన కవర్లో వచ్చింది.

"అందులో పదహారు అక్షరాలుంటాయి సార్," అంది హసీనా. "అవి కొడితే పని అయిపోద్ది. కవరు తెరవండి."

పేర్రాజు గారు ఆమె వైపు జాలిగా చూశారు. "అమ్మా, దీని గొప్పతనమే మూసి ఉండటం. తెరిస్తే రచ్చబండకీ దీనికీ తేడా ఏముంది?"

కవరు భద్రపరచాలి. బీరువాలకి తలుపులు లేవు. అందుకని ఆయన దాన్ని తన కుర్చీలో పెట్టుకుని మీద కూర్చున్నారు. భోజనానికి లేవాల్సి వస్తే జోగారావుని కూర్చోబెట్టి లేచేవారు.

బంగారమ్మ రోజూ వస్తోంది. పొద్దున్నే చేపల బజారులో ఎండుచేపలు అమ్ముకుని, పదింటికల్లా మా వరండాలో ఉంటోంది. సగం వల అల్లేసింది.

"ఏటయినాది బాబూ నా కాయితం?"

"చదువుతున్నాం అమ్మా."

"నా కాయితమా?"

"కాదు. నీ కాగితం తియ్యడానికి వాడే యంత్రం లోపలి రాత."

"అది సదివేత్తే నా కాయితం వొచ్చేత్తాదా?"

"రాదు. చదివాక ఆ యంత్రం వాడొచ్చో లేదో నిర్ణయిస్తారు."

"ఇదివరకు పెద్ద పుస్తకంలో రాసి, సీలు కొట్టి ఇచ్చీవోరు కదా. అదేటయినాది?"

"రద్దయింది."

"ఎవులు రద్దు సేసినారు?"

"కంప్యూటర్."

"ఆ కంపూటరు పని సెయ్యట్లేదన్నారు కదా బాబూ?"

నిజం చెప్పాలంటే సిగ్గేసింది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో నాకు సిగ్గేసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ వరండాలో అవి రోజుకొకటి వచ్చిపడుతున్నాయి. ఆ రాత ఎన్ని పేజీలని ఆమె అడిగింది. చెప్పాను. ఆమె కాసేపు కట్టల వైపు చూసి, మళ్ళీ సూది తీసుకుంది.

జూన్ మొదటి వారంలో హసీనా కాగితం మీద లెక్కవేసి డైరెక్టరుగారికి చూపించింది. రోజుకి నలభై పేజీల చొప్పున యాభై ఒక్క ఏళ్ళు పడుతుంది. పైగా రచ్చబండ నాలుగు వారాలకొకసారి మారుతుంది. మారినప్పుడల్లా కొత్త ప్రతి అచ్చువేసి మొదటికి రావాలి.

"అంటే ఇది ఎప్పటికీ పూర్తికాదన్నమాట," అన్నారాయన.

"అవును సార్," అంది హసీనా ఆశగా.

"అద్భుతం! పూర్తికాని పనికి తాత్కాలిక సిబ్బంది సరిపోరు." ఆయన వెంటనే నలభై శాశ్వత పఠన సహాయకుల పోస్టులు కోరుతూ ప్రభుత్వానికి ప్రతిపాదన రాయించారు. ఆ ప్రతిపాదన మేము రెండుసార్లు చదివి సరిచూశాం.

జూన్ పదమూడున బంగారమ్మ వల పూర్తయింది. ఆమె దాన్ని మడతపెట్టి పక్కన పెట్టింది. మొహం వాడిపోయి ఉంది.

"కళాసీల్లో ఇద్దరు నిన్న కబురెట్టినారు బాబూ. రేపు పొద్దుకి కాయితం సూపించకపోతే ఆళ్ళు మరి రారు."

ఆమె లేచి, మేము చదివేసిన కట్టల దగ్గరికి వెళ్ళింది. ఒక్కో పేజీ తిరగేసి చూస్తోంది. ఆరువందల ఏడు దగ్గర ఆగింది. వేలితో సంతకాలు లెక్కపెట్టుకుంది.

"ఈ కాయితం అడిగితే ఎవులికైనా ఇత్తారేటి?"

"ఇస్తాం. కోరిన ఏ పౌరుడికైనా నకలు ఇవ్వాలని ఉత్తర్వు ఉంది. కాని అది నీకెందుకమ్మా? అందులో నీ పడవ గురించి ఏమీ లేదు."

"మీరు సదువుకున్నోరు, కాయితం సదువుతారు. ఒడ్డు మీద గస్తీవోలు సదవరు బాబూ. సీలు సూత్తారు."

నేను లేచి నిలబడ్డాను. ఏ నిబంధన అడ్డొస్తుందా అని మనసులో అన్నీ తిరగేశాను. ఏదీ అడ్డు రాలేదు. అర్జీ రాయించి, వేలిముద్ర వేయించి, నకలు తీసి డైరెక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

విశ్వమోహన్ గారు అర్జీ చదివి కుర్చీలోంచి లేచారు. "మూలాన్ని కోరిన తొలి పౌరురాలు! ఒక మత్స్యకార మహిళ! కూర్మారావ్, శాలువా తెప్పించు!"

శాలువా వచ్చింది. కప్పారు. ఫొటో తీయించారు. ఆయన ఆమె వైపు వంగి ఎంతో గౌరవంగా అడిగారు: "అమ్మా, ఇన్ని పేజీలుండగా మీకు ఈ భాగం మీదే ఎందుకు ఆసక్తి కలిగింది?"

"ఇందులో సీలు బాగా పడినాది బాబూ," అంది బంగారమ్మ.

ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నకలు కూడా అసలంత బరువుగా ఉండాలని, ఏడు సంతకాలూ మళ్ళీ తాజాగా పెట్టించి, రెండు సీళ్ళూ కొట్టించి ఇచ్చారు.

పదిహేనో తారీకు తెల్లవారుజామున నా కాళ్ళు నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళాయి. పడవలన్నీ వరసగా నిలబడ్డాయి. గస్తీ జమేదారు ఒక్కొక్కరి కాగితం చూసి వదులుతున్నాడు. బంగారమ్మ పడవలో ఐదుగురు కళాసీలూ ఉన్నారు. ఆమె మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ప్లాస్టిక్ సంచీలోంచి కాగితం తీసి ఇచ్చింది. శాలువా కప్పుకునే వచ్చింది.

జమేదారు కాగితం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఇదేటమ్మా, ఇంగిలీసులో ఉంది?"

"కొత్త కాయితం బాబూ. డైరెట్రు బాబు సొయంగా ఇచ్చినారు. ఈ సాలువా కూడా ఆయన కప్పినదే."

జమేదారు మీసాల బ్రాకెట్ల మీదుగా కళ్ళు దించుకుంటూ అడుగుకి వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. "ఏడు సంతకాలు! నా ఉద్యోగం ఆర్డర్లో కూడా రెండే ఉన్నాయి." ఆకుపచ్చ సిరా కనపడగానే మడమలు దగ్గరకొచ్చాయి. కాగితం రెండు చేతులతో తిరిగిచ్చాడు. బంగారమ్మ పడవ అలల మీదికి ఎక్కింది. కళాసీలు కేక పెట్టారు. నేనూ పెట్టాను. ప్రభుత్వోద్యోగినని తరవాత గుర్తొచ్చింది.

వెనక పడవవాడు కిందటేడు పోర్టల్ ఇచ్చిన కాగితం చూపించాడు. దానికి ఇంకా ఏడాది గడువుంది. జమేదారు మొహం చిట్లించాడు.

"ఇందులో సంతకమే నేదు. ఇలాంటియి ఎవులైనా అచ్చేసుకుంటారు. ఎల్లి ఆయమ్మ తెచ్చినట్టాటిది తే."

పదింటికల్లా మా కార్యాలయం ముందు వరస వీధి చివరిదాకా ఉంది. రెండువందల పన్నెండు మంది. అందరికీ మూలమే కావాలి. పేర్రాజు గారు మొదట వద్దన్నారు. కాని ప్రతి నకలు మీదా తన సంతకం ఉండి తీరాలని జనం పట్టుబట్టడంతో మెత్తబడ్డారు. ఆయన సంతకం కోసం ఎవరైనా వరసలో నిలబడటం ముప్ఫై ఒక్క ఏళ్ళలో అదే మొదటిసారి. కవరు మీంచి లేచి మరీ సంతకాలు పెట్టారు. విశ్వమోహన్ గారు పైకి నివేదిక పంపారు: జిల్లాలో మూల పఠనోద్యమానికి అపూర్వ ప్రజాదరణ. ఆ నివేదికకి పై నెలలో ఆయనకి ప్రశంసాపత్రం వచ్చింది. నలభై పోస్టులకి గాను నాలుగు మంజూరయ్యాయి.

ఆ మధ్యాహ్నం కార్యాలయం మొత్తం సంతకాల్లో మునిగి ఉండగా హసీనా కంప్యూటర్ ముందు కూర్చుంది. సీలు వేసిన కీబోర్డు సంచీని ముట్టుకోలేదు. ఇంటి నుంచి తన కీబోర్డు తెచ్చుకుంది. రెండు నిమిషాల తరవాత పోర్టల్ తెరుచుకుంది. సాయంత్రానికి బంగారమ్మదితో కలిపి రెండువందల పదమూడు అసలు కాగితాలు అచ్చయి నా బల్ల మీదికి వచ్చాయి.

"ఏది వేశావమ్మా? రచ్చబండా, సింహద్వారమా?" అని గుసగుసగా అడిగాను.

"చెప్పను సార్. తెలిస్తే మీరు ఫైలు తెరుస్తారు."

నాకు కోపం రాలేదు. తెరిచేవాణ్ణే.

రెండు రోజుల తరవాత బంగారమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. మొదటి వేట బాగా పడిందట. కళాసీలు అందరూ ఏడాదికి కుదురుకున్నారట. ఆమె మొహంలో నవ్వు చూడటం నాకదే మొదలు. నేను సంతోషంగా ఆమె అసలు కాగితం తీసి ఇచ్చాను.

"ఇదిగోనమ్మా. నీ పడవ పేరు, నీ పేరు, నెంబరు, రెండేళ్ళ గడువు, అన్నీ ఉన్నాయి. ఇది నిజమైన కాగితం. గస్తీవాళ్ళకి ఇకనుంచి ఇది చూపించు."

ఆమె దాన్ని వెనకా ముందూ తిప్పి చూసింది.

"సంతకమేది బాబూ?"

"అక్కర్లేదమ్మా. కిందనే ఉంది చూడు, ఇది కంప్యూటర్ నుంచి వచ్చింది కాబట్టి సంతకం అవసరం లేదని."

"సీలు?"

"అదీ అక్కర్లేదు."

బంగారమ్మ నావైపు చాలా జాలిగా చూసింది. నెల రోజులు వరండాలో కూర్చోబెట్టినందుకు ఒక్క మాటన్న మనిషి కాదు. ఇప్పుడూ అనలేదు.

"మీరు మంచోరు బాబూ. మిమ్మల్ని ఎవులో మోసం సేసినారు," అంది. బుట్ట దించి, ఆరు కానాగంత చేపలు ఏరి, ఆ కాగితంలోనే చుట్టి నా చేతిలో పెట్టింది.

ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆవిడ పొట్లం విప్పి, చేపలు గిన్నెలో వేసి, కాగితం మీద తడి కొంగుతో అద్ది, దీపం కిందికి తీసుకెళ్ళి మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఏమండీ, ఇది ఎవరిదో బంగారమ్మ గారి పడవ కాగితం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా, చేపలు చుట్టారేమిటి?"

"సీలు లేదు," అన్నాను.